అతిథుల గదులు సరే, మీ గది ఎక్కడ?

ఈసారి ఉత్తరం రాసినావిడ తన పేరు వేయొద్దన్నారు. వయసు 54. మామగారు కట్టించిన రెండంతస్తుల ఇల్లు. కింద ఆవిడా, భర్తా, 78 ఏళ్ల అత్తగారూ ఉంటారు. మేడ మీది రెండు గదుల్ని నాలుగేళ్లుగా డబ్బిచ్చి బస చేసే అతిథులకి ఇస్తున్నారు. అందుకోసమే అప్పట్లో మొదటి గదికి లోపలే బాత్రూం కట్టించారు. రెండో గదివాళ్లు వరండా చివర ఉన్న పాత బాత్రూం వాడతారు. మొదట్లో బాగానే సాగింది. అంతకుముందు ఏడాది రెండు గదులూ కలిపి 260 రాత్రులు నిండితే, నిరుడు 180 దగ్గరే ఆగిపోయాయి. వచ్చి వెళ్లినవాళ్లు రాసే అభిప్రాయాల్లో “ఇంటివాళ్లు చాలా మంచివాళ్లు, గదులే పాతవి” అన్న మాట పదేపదే వస్తోంది. రెండో గదిలో ముక్కిన వాసన వస్తోందని ఒకరు రాశారు. ఆ గదిలో ఒక గోడకి మోకాలెత్తు దాకా రంగు పొక్కి రాలుతోంది. మూడుసార్లు రంగు వేయించారు, మూడుసార్లూ రాలింది. మంచం రాత్రంతా కిర్రుమంటోందని ఇంకొకరు రాశారు. అది అత్తగారు కాపురానికి వచ్చినప్పటి మంచం.

వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్న కూతురు ఇల్లు మొత్తం మార్చేద్దామంటోంది. 62 ఫొటోలు పంపింది. పాడైన గోడకి చెక్క ప్యానెళ్లు, పైన ఫాల్స్ సీలింగ్, దాన్నిండా లైట్లు, మంచాలూ బీరువాలూ అన్నీ కొత్తవి. ఇంకో మాట కూడా అంది. కింద అమ్మానాన్నలు పడుకునే గది తోటవైపు ఉంది, వెలుతురు బాగుంటుంది, దాన్ని మూడో అతిథి గది చేసేస్తే వాళ్లిద్దరూ హాల్లో ఒక అడ్డు పెట్టుకుని సర్దుకోవచ్చని. దాచుకున్నది చాలదు, అప్పు చేయాలి. అత్తగారేమో “నా మంచం గడప దాటితే నేనూ దాటతాను” అంటున్నారు. భర్త ఇద్దరికీ సరేనంటున్నారు. ఏ పని ముందు చేయించాలి, ఎవరి మాట వినాలి అని ఈవిడ అడుగుతున్నారు.

ఉత్తరం అయిపోయిందనుకున్న చోట, కింద ఇంకో నాలుగు లైన్లున్నాయి. “మొన్న రాత్రి పది దాటాక వంటింట్లో గిన్నె జారి కింద పడింది. పైన అతిథి లేచాడేమోనని గుండె ఆగినంత పనైంది. కదలకుండా అలాగే నిలబడిపోయాను. ఆ తర్వాత చాలాసేపు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియలేదు.”

అమ్మా,

ఎందుకో నాకు తెలుసనిపిస్తోంది. మా ఇంట్లో నేనూ పదకొండేళ్లు అతిథుల్ని పెట్టుకున్నాను. మన ఇంట్లోనే మనం మునివేళ్ల మీద నడిచే రోజు ఒకటొస్తుంది. అది వచ్చినట్టు కూడా తెలియదు. మీరు రంగుల గురించీ మంచాల గురించీ మూడు పేజీలు రాసి ఈ మాటని చివర్న పెట్టారు. నా సమాధానంలో మాత్రం ఇది చివరికి వెళ్లదు. గోడల సంగతి మాట్లాడుతున్నంతసేపూ ఆ గిన్నె చప్పుడు నా చెవిలోనే ఉంది.

ముందు మీ తోటవైపు గది గురించి తేల్చుకుందాం, ఎందుకంటే దీనికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. రెండు గదులు, ఏడాదికి 365 రోజులు. అంటే మీ చేతిలో ఉన్నవి 730 రాత్రులు. అందులో నిండినవి 180. ఖాళీగా పోయినవి 550. ఉన్న గదులే నాలుగింట మూడు రాత్రులు ఖాళీగా ఉంటుంటే మూడో గది ఎవరికోసం? మీకు గదులు తక్కువ కాలేదమ్మా, వచ్చేవాళ్లు తగ్గారు. ఒకే రోజు మూడు కుటుంబాలు అడిగితే రెండింటికే ఇవ్వగలిగామన్న సందర్భాలు నిరుడు ఎన్నొచ్చాయో లెక్క చూడండి. ఏడాది మొత్తంలో పది పదిహేను రాత్రులుంటే, వాటికోసం మీరిద్దరూ 365 రాత్రులు హాల్లో పడుకున్నట్టవుతుంది. ముందుముందు రెండు గదులూ నిండి, వచ్చినవాళ్లని నెలల తరబడి తిప్పి పంపాల్సి వస్తే అప్పుడు మళ్లీ ఆలోచించవచ్చు. అప్పుడైనా సరే, తలుపు వేసుకుని పడుకునే గది మీకు ఒకటి ఉండాలన్నది నా అభిప్రాయం. ఒంట్లో బాగాలేని రోజు హాల్లో అడ్డుతెర వెనక పడుకుని, పక్కనుంచి వెళ్లే కొత్తవాళ్ల అడుగుల చప్పుడు వింటూ ఎన్నాళ్లు ఉండగలరు? అలా అలిసిపోయిన మనిషి వచ్చిన అతిథిని నవ్వుతూ పలకరించలేదు. మీకొచ్చే మంచి మాటలన్నీ ఆ పలకరింపు గురించే కదా.

ఇక గోడ. మీ ఇంటి కష్టాలకి మూలం ఈ గోడేనని నా అనుమానం.

ఆ గది మేడ మీద ఉంది. కాబట్టి నేలలోంచి పైకి ఎగబాకే చెమ్మ కాదు, అది పై అంతస్తు దాకా రాదు. కప్పు మీంచి కారితే మరక పైనుంచి కిందికి దిగాలి. మీరు మోకాలెత్తు అన్నారు. మొదటి గదికి బాత్రూం కట్టించి నాలుగేళ్లయిందన్నారు, రంగు రాలడం ఎప్పుడు మొదలైందని చూస్తే “అతిథులు రావడం మొదలయ్యాక” అని రాశారు. ఇంకో చోట, వేరే సందర్భంలో, ఆ బాత్రూం గోడా రెండో గది గోడా ఒకటేనని రాశారు. ఈ మూడు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. అవతల బాత్రూంలో పోసిన నీళ్లు నేల కింద నుంచో, మూలల అతుకుల్లోంచో, గోడలో పూడ్చిన పైపులోంచో ఇవతలికి వస్తున్నాయి. మీరు వేయించిన రంగుకి వెనకాల నీళ్లున్నాయి. ఏ రంగూ అక్కడ నిలవదు.

నా మాట మీద గోడ పగలగొట్టొద్దు, ముందు పరీక్ష చేయండి. మూరెడు పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు తీసుకుని, గోడ మీద రంగు ఇంకా గట్టిగా ఉన్న చోట, మరకకి కాస్త పైన పెట్టి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు అంటించండి. రెండు రోజులు ఉంచండి. కవరు పైన, అంటే గదివైపు, తడి పేరుకుంటే గదిలో గాలికే తేమ ఎక్కువగా ఉందని. కవరు వెనక, గోడవైపు, చెమటలా బొట్లు కట్టితే నీళ్లు గోడలోంచే వస్తున్నాయని. రెండోది రుజువైతే మొదటి గదిని పది రోజులు ఎవరికీ ఇవ్వకండి. ఆ పది రోజులూ బాత్రూంలో చుక్క నీళ్లు పోయొద్దు. గోడ ఆరుతున్నట్టు కనిపిస్తే తప్పు బాత్రూం నేలలోనో నీళ్లు పోయే దారిలోనో ఉంది. ఏమాత్రం ఆరకపోతే గోడలోని పైపు రాత్రీపగలూ కారుతోందేమోనని అనుమానించాలి. ఈ రెండింటికీ పని వేరు, ఖర్చు వేరు. పైపు అయితే ఒక వరస టైల్స్ తీసి బాగుచేయడంతో అయిపోవచ్చు. నేల అయితే నేల మొత్తం లేపాలి.

లేపాల్సి వస్తే మేస్త్రి దగ్గర నిలబడి మూడు విషయాలు చూడండి. ఒకటి వాటం. నీళ్లు జాలీ వైపు వాటంతట అవే పోవాలి, అందుకు మీటరుకి ఒకటి రెండు సెంటీమీటర్లు దిగాలి. రెండు, వాటర్‌ప్రూఫింగ్ పూత నేలతో ఆగకూడదు. గోడ మీదికి కనీసం అడుగు ఎత్తు ఎక్కాలి, స్నానం చేసే మూల తల ఎత్తు దాకా వెళ్లాలి. మూడోది చాలామంది తొందరలో వదిలేస్తారు. పూత ఆరాక, టైల్స్ వేయకముందే జాలీకి బిరడా పెట్టి, రెండంగుళాల ఎత్తు నీళ్లు కట్టి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీయాలి. 24 గంటల తర్వాత నీళ్లు ఆ గీత దగ్గరే ఉండాలి, కింద గది సీలింగ్ పొడిగా ఉండాలి. “అక్కర్లేదమ్మా, నా పని నాకు తెలుసు” అని మేస్త్రి అంటాడు. అన్నా సరే నీళ్లు కట్టించండి.

మీ అమ్మాయి చెప్పిన చెక్క ప్యానెళ్ల గురించి నా అనుభవం చెప్తాను. మా ఇంట్లోనూ ఇలాంటి గోడ ఉండేది. ఒకాయన వచ్చి, ప్యానెళ్లు వేస్తే అసలు కనపడదన్నాడు. నిజంగానే కనపడలేదు. గది ఎంత బాగుందంటే నేను రోజుకి రెండుసార్లు వెళ్లి చూసుకునేదాన్ని. పద్నాలుగు నెలల తర్వాత, వాసనకి కారణం దొరక్క ఒక ప్యానెల్ ఊడదీయించాను. వెనకవైపు నల్లగా, చేత్తో తాకితే మెత్తగా, తడి బొగ్గుపొడి పూసినట్టుంది. గోడ అంతా బూజు. అన్ని నెలలూ ఆ గదిలో పడుకున్నవాళ్లు ఆ గాలే పీల్చారు. వాళ్లలో ఒక పసిబిడ్డ ఉంది, రాత్రంతా దగ్గుతోందని తల్లి నన్ను వేడినీళ్లు అడగడానికి వచ్చింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే ఈ ఒక్క విషయంలో మీకు మొహమాటం లేకుండా చెప్తున్నాను: తడి ఆగేదాకా ఆ గోడకి దేన్నీ తొడగొద్దు. చెక్కగానీ, వాల్‌పేపర్‌గానీ, ఆయిల్ పెయింట్‌గానీ.

నీళ్లు ఆగిన మర్నాడే గోడ ఆరిపోదు. తడిసిన ఇటుక గోడకి మందంలో ప్రతి అంగుళానికీ దాదాపు నెల పడుతుందని ఒక లెక్కుంది. మీది నాలుగున్నర అంగుళాల గోడ అనుకుంటే నాలుగు నెలలు దాటొచ్చు. పొక్కిన ప్లాస్టరింగ్‌ని మరక కన్నా ఒక అడుగు పైదాకా కొట్టించి, ఇటుకని గాలికి వదిలేయండి. పైకి తెల్లగా ఉప్పు పొంగుతుంది. దాన్ని పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్లతో కడిగితే ఆ ఉప్పే మళ్లీ లోపలికి వెళ్తుంది. కిటికీలు తెరిచి ఫ్యాను తిరగనివ్వండి. పూర్తిగా ఆరాక ప్లాస్టరింగ్, అది పచ్చి తగ్గి గట్టిపడటానికి ఇంకో నాలుగు వారాలు, అప్పుడే రంగు. మూడుసార్లు రాలిన రంగు కన్నా ఈ నెలల ఓపికే మీకు చవక.

వాసన మాట వచ్చింది కాబట్టి చిన్న విషయం. గదులు వారాల తరబడి ఖాళీగా ఉంటే బాత్రూం జాలీ కింద ఉండే ట్రాప్‌లోని నీళ్లు ఆవిరైపోతాయి. డ్రైనేజీ గాలి ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ రెండంగుళాల నీళ్లే. వారానికోసారి ప్రతి జాలీలో ఒక మగ్గు నీళ్లు పోయండి. మీ దగ్గర వాసన గోడ నుంచి కొంత, వరండా బాత్రూం నుంచి కొంత వస్తోందేమో. మగ్గు నీళ్లకి ఖర్చు లేదు కదా, ఈ రోజే పోసి చూడండి.

ఇప్పుడు మీ ముందు మూడు దారులున్నాయి.

మీ అమ్మాయి చెప్పినట్టు అప్పు తెచ్చి, ఇల్లు మూసి, అంతా ఒకేసారి చేయించడం ఒకటి. దుమ్మూ గోలా ఒక్కసారితో పోతాయి, గదులన్నీ ఒకే తీరున ఉంటాయి. కానీ ఆ అప్పు దేంతో తీరుతుందో చూడండి. ఇప్పుడు నిండే 180 రాత్రుల డబ్బు ఇల్లు గడవడానికే పోతోందన్నారు. అంటే అప్పు తీర్చాల్సింది కొత్తగా పెరిగే రాత్రులు మాత్రమే. దుప్పట్లు ఉతికించడం, కరెంటు, శుభ్రం చేసే మనిషి జీతం పోగా ఒక రాత్రికి నికరంగా వంద మిగులుతుందనుకోండి, పని ఖర్చు లక్ష అనుకోండి. వెయ్యి రాత్రులు కావాలి. మళ్లీ 260కి చేరుకున్నా ఏడాదికి పెరిగేవి 80. పన్నెండేళ్లకు పైగా పడుతుంది, వడ్డీ కాకుండా. ఈ అంకెలు ఊహించి వేసినవే, మీ అసలు అంకెలు పెట్టి మీవారితో కూర్చుని వేయండి. ఆయన ఇద్దరికీ సరేననడం వెనక భయం ఉండొచ్చు. దాచుకున్న డబ్బు ఆయన పేరు మీదిదే కదా. కాగితం మీద లెక్క కనిపిస్తే ఆయనకీ నోరు విప్పడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

రెండో దారి అత్తగారిది, ఏదీ ముట్టుకోకపోవడం. ఖర్చు లేదు, గొడవ లేదు. కానీ బాత్రూం నీళ్లు గోడతో ఆగవు. కింద సీలింగ్‌లోకి దిగి, లోపలి ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఉబ్బితే పెచ్చులు ఊడిపడతాయి. అతిథులు ఒక్కరూ రాకపోయినా ఆ బాత్రూం బాగు చేయించక తప్పదు. ఇది అలంకరణ కాదనీ, మామగారు కట్టించిన ఇంటిని కాపాడుకోవడమనీ అత్తగారికి మీరు చెప్తే ఆవిడ ముందు వరసలో నిలబడతారని నాకనిపిస్తోంది.

మూడోది, నేను మీ చోట ఉంటే పట్టుకునే దారి. పగలగొట్టే పని జరిగే మూడు నాలుగు వారాలూ రెండు గదులూ మూసేయండి. బాత్రూం పూర్తవగానే మొదటి గది తెరవండి. రెండో గది ఆరుతూ ఉంటుంది. ఆ నెలల్లో ఒక్క గది ఆదాయమే, అది కష్టమే. కానీ అప్పు తక్కువ, పైగా మొదటి గదిలో మార్చినవాటిలో దేన్ని అతిథులు మెచ్చుకున్నారో చూసి రెండో గదికి డబ్బు పెట్టొచ్చు. దీంట్లో ఒక చిక్కుంది. పని సాగుతూనే ఉంటుంది, ఇల్లు ఏడాది పాటు కుదుటపడదు. అత్తగారి వయసుకి దుమ్ము మంచిది కాదు. పాత ఇల్లు కాబట్టి అడుగు పొరల రంగుల్లో సీసం అనే విష లోహం ఉండే అవకాశం ఉంది, అమెరికాలోనే ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. గోడల్ని పొడిగా గీకనివ్వొద్దు, తడిపి గీకమనండి, మెట్ల దగ్గర మందపాటి షీటు కట్టించండి.

గోడ తెరిచినప్పుడే కరెంటు పని చేయించాలి, రంగు అయ్యాక కాదు. పాత వైర్లు మార్చడం, బాత్రూం లైనుకి ఆర్‌సీసీబీ పెట్టడం (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు అది, 30 మిల్లీఆంపియర్ల దగ్గర పడిపోయేది తీసుకోండి), రెండు గదుల్లోనూ పొగ అలారం. మీ నీళ్ల హీటరు గ్యాస్‌దైతే అది బాత్రూం లోపల ఉండకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, తలుపు మూసుకుని స్నానం చేసే మనిషికి ఏం జరుగుతోందో తెలిసేలోపే స్పృహ పోతుంది. ఫాల్స్ సీలింగ్ వాయిదా వేసైనా సరే, ఇవి చేయించండి.

మంచం దగ్గరికి వస్తాను. మంచం కిర్రుమంటే అది పాతదైపోయిందని కాదు, అతుకులు వదులయ్యాయని. మంచి వడ్రంగి కోళ్లూ పట్టెలూ విప్పి, కూసాలకి చీలలు కొట్టి బిగించి, చెక్కా చెక్కా రాసుకునే చోట మందపాటి ఉన్నిగుడ్డ పెడితే చప్పుడు పోతుంది. ఆ తర్వాత టేపు పెట్టి పొడవు కొలవండి. ఇప్పటి పరుపులు 190 నుంచి 200 సెంటీమీటర్లుంటాయి. పాత మంచాలు చాలావాటికి కాళ్లవైపు కూడా అడ్డుపలక ఉంటుంది, అంత పొడవూ ఉండదు. పొడుగాటి మనిషి కాళ్లు ముడుచుకుని పడుకోవాల్సొస్తుంది. పొడవు చాలితే కొలత ఇచ్చి పరుపు కుట్టించి పైనే ఉంచవచ్చు, పాత ఇంటికి అలాంటి మంచమే అందం. చాలకపోతే కిందికి తెచ్చి అత్తగారి గదిలో వేయండి. గడప దాటడం లేదు కదా. కానీ ఆవిడకి మోకాళ్ల నొప్పులన్నారు, ఎత్తయిన మంచం ఎక్కగలరా? ఎక్కలేకపోతే వరండాలో కూర్చునే మంచంగా వేయొచ్చు. ఏది చేసినా ముందు ఆవిడ పక్కన కూర్చుని, ఈ మూడింట్లో ఏది కావాలని అడగండి. మీ ఉత్తరంలో ఆవిడ ఏమన్నారో ఉంది గానీ, ఆవిడని ఎవరైనా ఏమైనా అడిగారన్నది ఎక్కడా లేదు. పెద్దవాళ్లు మంచాన్ని పట్టుకుని కూర్చున్నప్పుడు, తరువాత కదిలించేది తమనేనేమోనన్న భయం అందులో ఉంటుంది.

అమ్మాయి విషయంలో మీరు కాస్త నొచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ 62 ఫొటోల్లో ప్రేమ కనిపించింది. దూరంగా ఉండి, మీరు నష్టపోతున్నారని చూడలేక పంపుతోంది. ఆ పిల్లకి ఒక గది పూర్తిగా అప్పగించండి. “మొదటి గది నీది. గోడల రంగు, కర్టెన్లు, దీపాలు, మంచం పక్క బల్ల, అన్నీ నువ్వే చూడు. ఖర్చు ఇంతకి మించకూడదు. మా గది మాత్రం మాదే” అనండి. ఆ చివరి మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించకండి. సంజాయిషీ కూడా ఇవ్వకండి.

ఆ గదికి ఏం కావాలో తెలుసుకోవడానికి తల్లీకూతుళ్లిద్దరూ ఒక రాత్రి అందులో పడుకోండి, బ్యాగు సర్దుకుని మరీ. నేను మొదటిసారి అలా పడుకున్నప్పుడు తెల్లారేసరికి తెలిసిన సంగతులు, అంతకుముందు మూడేళ్లలో నాకు తెలియనివి. తడి తువ్వాలు ఆరేసుకోవడానికి ఒక్క కొక్కెం లేదు. ప్లగ్గు బీరువా వెనక ఉంది. లైటు ఆర్పాలంటే మంచం దిగి, తలుపు దాకా వెళ్లి, చీకట్లో తడుముకుంటూ వెనక్కి రావాలి. అద్దం దగ్గర వెలుతురు నెత్తి మీంచి పడి ముఖం నీడలో ఉంది. అవన్నీ సరిచేయడానికి పట్టింది రెండు రోజులు. మళ్లీ వచ్చినవాళ్లు “గది మార్చారా?” అని అడిగారు. రంగు కూడా వేయించలేదు నేను.

దీపాలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎక్కడున్నాయన్నది చూడండి. తలవైపు చెరొక దీపం, పడుకున్న చోటి నుంచే చేయి చాచి ఆర్పుకునేలా. బల్బు డబ్బా మీద 2700 నుంచి 3000 కెల్విన్ అని ఉన్నది పడకగదికి హాయిగా ఉంటుంది. 6500 అని ఉన్నది ఆఫీసు వెలుతురు. కర్టెన్లు వెలుతురు పూర్తిగా ఆపేంత మందంగా ఉండాలి, ప్రయాణం చేసి వచ్చినవాళ్లకి నిద్రే కదా కావాల్సింది. గోడ రంగు ఫోన్లో చూసి నిర్ణయించొద్దు. రెండడుగుల చదరంలో రెండు రంగులు వేయించి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి దీపం వెలుతుర్లో చూడండి. ఒకే రంగు మూడు పూటలా మూడు రకాలుగా ఉంటుంది. తడిగుడ్డతో తుడిస్తే పోని రకం తీసుకోండి, బ్యాగులు గీరుకునే చోట అది తప్పదు. బాత్రూం టైల్స్ మెరిసేవి వద్దు.

అన్నీ అయ్యాక పగటి వెలుతుర్లో మంచి ఫొటోలు తీయించండి. 2009లో, ఇళ్లలో గదుల్ని అతిథులకి బుక్ చేసే వెబ్‌సైట్ ఎయిర్‌బీఎన్‌బీ ఇంకా చిన్నగా ఉన్నప్పుడు, న్యూయార్క్‌లో బుకింగులు పెరగకపోతుంటే దాన్ని పెట్టినవాళ్లు స్వయంగా వెళ్లి, కెమెరా పట్టుకుని ఇంటింటికీ తిరిగి గదుల్ని ఫొటోలు తీశారు. గదులు అవే, ఫొటోలే మారాయి, బుకింగులు పెరిగాయి. ఈ పని మీ అమ్మాయి అందరికన్నా బాగా చేస్తుంది.

ఆ గిన్నె దగ్గరికి మళ్లీ వస్తున్నాను. పడకగదిలో రాత్రి చప్పుడు 30 డెసిబెల్స్ దాటకుండా ఉంటే నిద్ర చెడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లో ఉంది. మనుషులు కాపురముండే ఇంట్లో అది అన్ని వేళలా కుదరదు. చేయగలిగింది చేయండి. అతిథుల తలుపు కింది సందుకి రబ్బరు పట్టీ, చుట్టూ చట్రానికి ఫోమ్ టేపు. చప్పుడు ఎక్కువగా సందుల్లోంచే వస్తుంది. వంటింటి గట్టు మీద మందపాటి రబ్బరు షీటు. ఆ తర్వాత గది వివరాల్లో సూటిగా రాయండి: “ఇది మేం ఉంటున్న ఇల్లు. కింద మా కుటుంబం ఉంటుంది. రాత్రి పదకొండు దాకా, పొద్దున ఆరు నుంచి ఇంటి చప్పుళ్లు వినిపిస్తాయి.” అది చదివి వద్దనుకునేవాళ్లు మీ అతిథులు కారు. కొన్ని బుకింగులు పోతాయి. వచ్చేవాళ్లు తెలిసే వస్తారు కాబట్టి ఫిర్యాదులు తగ్గుతాయి.

ఏడాదిలో కొన్ని వారాలు, మీ అమ్మాయి సెలవుకి వచ్చినప్పుడైనా సరే, క్యాలెండర్‌లో ముందే మూసి పెట్టండి. ఆ రోజుల్లో మేడ మీద మీరే తిరగండి. మంచి గది మంచం మీద మధ్యాహ్నం నిద్రపోండి.

ఇప్పటికి మాత్రం ఒక్క కవరూ కాస్త టేపూ చాలు. రేపు గోడకి అంటించండి, ఎల్లుండి దాటాక తీయండి. తడి ఏ వైపు ఉందో నాకు రాయండి, మేస్త్రిని పిలిచేలోపు. అలాగే అత్తగారు మంచం గురించి ఏమన్నారో కూడా.